రోకటి చప్పుడు: బేతాళ కథలలో ఒక బలహీనమైన కథ

బేతాళ కథలను తెలుగు ఇంటికి పరిచయం చేయవలసిన అవసరం సాధారణంగా ఉండదు. అక్షరాలు ఇంకా కూడబలుక్కుంటున్న పిల్లలకు కూడా ఆ బొమ్మ తెలుసు: చేత కత్తి, భుజాన శవం, చుట్టూ శ్మశానం, చీకటిలో నడిచే రాజు. ‘పట్టువదలని విక్రమార్కుడు’ అన్న మాట కథను దాటి నుడికారమయింది. ‘బేతాళ ప్రశ్న’ అన్నది తెగని చిక్కుకు మారుపేరయింది. ఇంత పేరున్న కథామాలను గురించి వ్రాసేవారు సాధారణంగా పొగడ్తతో మొదలుపెట్టి పొగడ్తతోనే ముగిస్తారు. పాతది కనుక గొప్పది, మనది కనుక ఇంకా గొప్పది అన్న ధోరణి అందులో కనిపిస్తుంది.

ఈ వ్యాసం ఉద్దేశం వేరు. ఆ మాలలో నాకు బలహీనంగా తోచిన ఒక కథను తీసుకుని, అది ఎందుకు బలహీనమో చూడటం, ఆ బలహీనత మనకు ఏమి నేర్పుతుందో ఆలోచించడం. తప్పులెన్నడం పూర్వులను కించపరచడం కాదు. మంచి కథ ఎందుకు మంచిదో తెలియాలంటే దాని పక్కన తేలిపోయిన కథను కూడా ఉంచి చూడాలి. పైగా బేతాళుడు స్వయంగా విమర్శకుడే. కథ చెప్పి ఊరుకోడు, తీర్పు చెప్పమంటాడు. అటువంటివాని కథలను ప్రశ్నించకుండా చదవడమే ఆయనకు చేసే అపచారం.

కథామాల, దాని చట్రం

ఇప్పుడు మనకు లభించే బేతాళ కథలలో ప్రసిద్ధమైన సంస్కృత రూపం సోమదేవుని కథాసరిత్సాగరంలో ఉన్నది. సోమదేవుడు 11వ శతాబ్దపు కాశ్మీర కవి. రాణి సూర్యవతి వినోదం కోసం ఆ మహాగ్రంథాన్ని రచించాడు. అందులో రాజు పేరు త్రివిక్రమసేనుడు. తరువాతి కాలంలో ఆయన విక్రమార్కునితో కలిసిపోయాడు. తెలుగులో 15వ శతాబ్దంలోనే జక్కన విక్రమార్క చరిత్రమును, కొఱవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికను రచించారు. అంటే విక్రమార్కుని కథలపై తెలుగువారి మక్కువ నిన్న మొన్నటిది కాదు.

కథ చట్రం సుప్రసిద్ధం. క్షాంతిశీలుడనే భిక్షువు రాజుకు ప్రతిదినం ఒక పండును కానుకగా ఇస్తాడు. ఆ పండ్లలో రత్నాలున్నాయని చాలా కాలానికి బయటపడుతుంది. ఋణపడిన రాజు అతని కోరికపై అర్ధరాత్రి శ్మశానానికి వెళ్ళి, శింశుపా వృక్షానికి వ్రేలాడే శవాన్ని తేవడానికి ఒప్పుకుంటాడు. ఆ శవంలో బేతాళుడున్నాడు. దారి పొడవునా కథ చెబుతాడు, చివర ప్రశ్న వేస్తాడు. జవాబు తెలిసి కూడా చెప్పకపోతే రాజు తల పగులుతుంది. చెబితే మౌనం భంగమై శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. రెండు వైపులా నష్టమే. జ్ఞానం ఉన్నవాడికి మౌనం మృత్యువు, మాట పరాజయం.

ఇక్కడి బడులలో అరబ్బీ చదువుకునే మన పిల్లలకు దీనితో పోల్చదగిన మరొక చట్రం సులువుగా దొరుకుతుంది: అల్ఫ్ లైలా వ లైలా, అంటే వేయిన్నొక్క రాత్రులు. అక్కడ షహ్రజాద్ ప్రతి రాత్రీ కథ చెప్పి తన ప్రాణం కాపాడుకుంటుంది. కథ ఆగితే చెప్పేవారి తల పోతుంది. మన చట్రంలో ప్రమాదం తలక్రిందులయింది. ఇక్కడ ముప్పు వినేవారిది. షహ్రజాద్ కథను ఆసక్తి దగ్గర తుంచుతుంది, బేతాళుడు సందేహం దగ్గర ఆపుతాడు. ఆమె శ్రోత ‘తరువాత ఏమయింది’ అని అడగాలి. బేతాళుని శ్రోత ‘ఏది న్యాయం’ అని తనను తానే అడగాలి. ఈ భేదాన్ని గుర్తుంచుకుంటే ఏ బేతాళ కథ బలమైనదో, ఏది కాదో చెప్పడానికి ఒక కొలత చేతికి వస్తుంది.

ఆధునిక కాలంలో ఈ చట్రాన్ని ఇంటింటికీ చేర్చింది చందమామ. నాగిరెడ్డి, చక్రపాణి 1947 జూలైలో స్థాపించిన ఆ మాసపత్రికలో 1950ల నుంచి బేతాళ కథలు నెలనెలా వచ్చాయి. 1952 నుంచి 1980 వరకు కొడవటిగంటి కుటుంబరావు ఆ పత్రికకు సంపాదకత్వం వహించారు. సంప్రదాయ కథలు అయిపోయిన తరువాత అదే చట్రంలో కొత్త కథలు పుట్టాయి. చిత్రకారుడు శంకర్ గీసిన రాజు, శవం, శ్మశానం తరతరాల పాఠకుల కళ్ళలో నిలిచిపోయాయి. ఆయన 2020లో కన్నుమూశారు, 2021లో ఆయనకు మరణానంతరం పద్మశ్రీ ప్రకటించారు. 1985లో రామానంద్ సాగర్ దూరదర్శన్‌లో ఈ కథలను హిందీలో ధారావాహికగా తీశారు. బొమ్మల ధారావాహికలకు అలవాటుపడిన నేటి పిల్లలకు అర్థమయ్యేట్లు చెప్పాలంటే, మనకు ఎంతో కాలం నడిచిన అద్భుత రహస్య కథల బొమ్మల ధారావాహిక ఇదే. అన్ని ధారావాహికలకూ ఉండే జబ్బు దీనికీ ఉంది. కొన్ని కథలు పరుగెత్తుతాయి, కొన్ని చతికిలబడతాయి.

ముగ్గురు సుకుమార రాణులు

నేను ఎంచుకున్నది చందమామలోని కొత్త కథ కాదు. కొత్త కథలలో బలహీనమైనదాన్ని చూపడం తేలిక, ‘నెలనెలా వ్రాయవలసి వచ్చింది కదా’ అని సరిపెట్టుకోవచ్చు. మూల కథామాలలోనే, సోమదేవుని వరుసలో 11వదైన ధర్మధ్వజుని ముగ్గురు రాణుల కథను చూద్దాం.

ఉజ్జయినిలో ధర్మధ్వజుడనే రాజు. అతనికి ఇందులేఖ, తారావళి, మృగాంకవతి అని ముగ్గురు భార్యలు. ఒకనాడు వసంతోత్సవంలో రాజు సరసంగా ఇందులేఖ జుట్టు లాగుతాడు. ఆమె చెవికి అలంకరించుకున్న కలువ ఒడిలో పడుతుంది. పువ్వు పడిన చోట గాయమై ఆమె మూర్ఛపోతుంది. తరువాత రాజు రెండవ రాణి తారావళితో మేడపై నిద్రిస్తుండగా వెన్నెల ఆమె ఒంటిపై పడుతుంది. నిప్పు సోకినట్లు బొబ్బలెక్కుతాయి. ఇక మూడవ రాణి మృగాంకవతి. రాత్రి నిశ్శబ్దంలో ఎక్కడో దూరాన ఒక ఇంట వడ్లు దంచుతున్న రోకటి చప్పుడు ఆమె చెవిన పడుతుంది. అంతే, ఆమె చేతులు కమిలి నల్లబడతాయి. పరిచారికలు చందనం పూస్తారు.

ఈ ముగ్గురిలో అతి సుకుమారి ఎవరు అని బేతాళుడు అడుగుతాడు. రాజు వెంటనే మూడవ రాణి అంటాడు. మొదటి ఇద్దరినీ పువ్వో, వెన్నెలో తాకింది. మూడవ రాణిని ఏదీ తాకలేదు, చప్పుడు మాత్రమే వినబడింది. జవాబు సరైనదే. బేతాళుడు ఎగిరిపోతాడు, రాజు మళ్ళీ వెనుకకు నడుస్తాడు.

బలహీనత ఎక్కడ ఉన్నది?

మొదటి లోపం ప్రశ్నలోనే ఉన్నది. ‘ఎవరు ఎక్కువ’ అన్నది కొలత ప్రశ్న. త్రాసులో పెట్టి తూచితే తేలిపోతుంది. ధర్మసంకటంలో ఒక వైపు మొగ్గితే రెండవ వైపు ఏదో ఒక విలువను పోగొట్టుకుంటాము. ఇక్కడ రాజు మూడవ రాణి అన్నందువల్ల మొదటి ఇద్దరికీ జరిగే అన్యాయమేమీ లేదు. రెండవ రాణి అని ఉన్నా ఎవరికీ నష్టం లేదు. తీర్పు వల్ల ఎవరి బ్రతుకూ మారనప్పుడు అది తీర్పు కాదు, పందెం.

రెండవ లోపం ఇంకా లోతైనది. చట్రం రాజుపై మోపిన భారం ఈ కథలో పనిచేయదు. తల పగిలే ముప్పు ఉన్న రాజు తెలిసినదాన్ని దాచాలా, చెప్పాలా అని లోలోపల నలగాలి. ఆ నలుగుడే కథకూ చట్రానికీ మధ్య వంతెన. ముగ్గురు రాణుల కథలో జవాబు చెప్పడానికి రాజుకు క్షణం కూడా పట్టదు, పాఠకునికీ పట్టదు. పదేళ్ళ పిల్లవాడు కూడా రాజుకంటే ముందే చెప్పేస్తాడు. శ్మశానం, శవం, శాపం వంటి అంత భారమైన చట్రం అంత తేలికైన పొడుపుకథను మోస్తుంటే, పల్లకిలో దూదిపింజను ఊరేగించినట్లుంటుంది.

మూడవ లోపం పునరుక్తి. దీనికి మూడు మెట్ల ముందే, 8వ కథలో, సోమదేవుడు ఇదే అచ్చును వాడాడు, చాలా బాగా వాడాడు. అంగదేశపు బ్రాహ్మణుడు విష్ణుస్వామి యజ్ఞం కోసం తాబేలును తెమ్మని ముగ్గురు కుమారులను పంపుతాడు. తాబేలు దొరుకుతుంది కాని ఎవరు మోయాలన్న దగ్గర తగవు వస్తుంది. ఒకడు భోజనంలో సున్నితుడు, ఒకడు స్త్రీల విషయంలో, ఒకడు శయ్య విషయంలో. తగవు తీర్చమని ప్రసేనజిత్తు అనే రాజు వద్దకు వెళతారు, ఆయన పరీక్షిస్తాడు. మొదటివాడు శ్రేష్ఠమైన అన్నాన్ని కూడా ముట్టడు, శవధూమం వాసన వస్తున్నదంటాడు. విచారిస్తే ఆ ధాన్యం శ్మశానం పక్క పొలంలో పండినదని తేలుతుంది. రెండవవాడు పరిమళాలు పూసుకున్న స్త్రీ దగ్గర మేక వాసన వస్తున్నదంటాడు. ఆమె పసితనంలో మేకపాలతో పెరిగినదని తెలుస్తుంది. మూడవవాడు ఏడు పరుపులపై పడుకుని బాధతో లేస్తాడు. పరుపుల అడుగున ఒకే ఒక వెంట్రుక ఉంటుంది, దాని ముద్ర అతని ప్రక్కపై ఎర్రగా కనిపిస్తుంది. 1835లో డెన్మార్క్ రచయిత ఆండర్సన్ ప్రచురించిన రాకుమారి, బఠాణీ గింజ కథ చదివిన పిల్లలు ఈ మూడవవానిని వెంటనే గుర్తుపడతారు.

ఈ 8వ కథలో కూడా ప్రశ్న ‘ఎవరు ఎక్కువ’ అన్నదే. అయినా అది నిలబడుతుంది. కారణం, అందులో రహస్యం ఉన్నది, శోధన ఉన్నది. అన్నంలో ఏదో వాసన అన్నది ఆనవాలు. పొలం ఎక్కడిదో కనుక్కోవడం దర్యాప్తు. శ్మశానం పక్క పొలం అన్నది బయటపడిన నిజం. అది రహస్య కథ నడిచే తీరు. ఇక రాజు చెప్పే జవాబు మరింత చక్కనిది. మొదటి ఇద్దరూ తమ సంగతులను ఎవరినైనా అడిగి ముందే తెలుసుకుని ఉండవచ్చు, మూడవవాని ఒంటిపై ముద్ర మాత్రం ఎదుట కనిపిస్తున్నది కనుక అతడే నిజమైన సున్నితుడు అంటాడు. ఇది ప్రమాణ విచారం. విన్న మాటను ఎంతవరకు నమ్మాలి, కంటికి కనిపించినదానికి ఎంత విలువ ఇవ్వాలి అన్న ఆలోచన. న్యాయశాస్త్రం చదవని పిల్లలకు ప్రత్యక్ష ప్రమాణం అంటే ఏమిటో ఇంతకంటే తేలికగా చెప్పలేము.

పైగా ఆ కథకు వెనుక ఒక నొప్పి ఉన్నది. అన్నదమ్ములు తమ సున్నితత్వంలో మునిగి తండ్రి అడిగిన తాబేలును మరచిపోతారు, యజ్ఞం చెడుతుంది. అంటే ఆ కథ సున్నితత్వాన్ని పొగుడుతున్నట్లే ఉండి లోపల వెక్కిరిస్తున్నది. ఇంకొక సంగతి. శవాన్ని భుజాన మోస్తూ నడుస్తున్న రాజుకు, అన్నంలో శవధూమం వాసన పట్టినవాని కథ చెప్పడంలో బేతాళుని చిలిపితనం ఉన్నది. అక్కడ చట్రం, కథ ఒకదాని చెవిలో ఒకటి గుసగుసలాడుకుంటున్నాయి.

11వ కథలో ఇవేవీ లేవు. ముగ్గురికీ గాయాలు ఎదుటే కనిపిస్తున్నాయి కనుక 8వ కథలోని ప్రమాణ విచారానికి చోటు లేదు. శోధించవలసినది లేదు. మరచిపోయిన తాబేలు లేదు. అచ్చు మిగిలింది, అందులో పోసిన లోహం మారింది. కొన్నాళ్ళు నడిచిన ఏ ధారావాహికలోనైనా ఈ స్థితి వస్తుంది. వెనుక మెప్పు పొందిన పద్ధతిని మళ్ళీ తీసి వాడతారు. అది మొదటిసారి ఎందుకు మెప్పు పొందిందో మాత్రం మరచిపోతారు.

బలమైన కథ ఎలా ఉంటుంది?

పోల్చడానికి 6వ కథను చూడండి. మదనసుందరి భర్త, ఆమె సోదరుడు దేవి ఆలయంలో ఒకరి తరువాత ఒకరు తమ తలలు తామే నరుక్కుంటారు. దేవి కరుణించి, తలలను మొండెములకు అతికించమని మదనసుందరికి చెబుతుంది. తొందరపాటులో ఆమె తలలు తారుమారు చేస్తుంది. ఇద్దరూ బ్రతుకుతారు. ఇప్పుడు భర్త ఎవరు? శిరస్సే ప్రధానం కనుక భర్త తల ఉన్నవాడే భర్త అంటాడు రాజు.

రాజు జవాబు అక్కడితో అయిపోయింది, ప్రపంచం మాత్రం అక్కడితో ఊరుకోలేదు. తరువాతి కథనాలలో సోదరుని స్థానంలో స్నేహితుడు వచ్చాడు. జర్మన్ రచయిత టామస్ మాన్ 1940లో దీన్ని ఒక నవలికగా మలిచాడు. కన్నడ రచయిత గిరీశ్ కర్నాడ్ 1971లో ‘హయవదన’ నాటకం వ్రాశారు. వారిద్దరూ చేసినది ఒక్కటే: రాజు జవాబుతో కథ ముగిసిందని ఒప్పుకోలేదు. తలే మనిషి అయితే శరీరం జ్ఞాపకం మాటేమిటి అని అడిగారు. బలమైన బేతాళ కథకు గుర్తు ఇదే. జవాబు చెప్పిన తరువాత కూడా ప్రశ్న బ్రతికే ఉంటుంది.

2వ కథ కూడా అటువంటిదే. మందారవతి అనే కన్య జ్వరంతో మరణిస్తుంది. ఆమెను కోరిన ముగ్గురిలో ఒకడు చితాభస్మంపైనే పడుకుంటాడు, ఒకడు ఎముకలను గంగకు తీసుకువెళతాడు, ఒకడు దేశాలు తిరిగి మంత్రం సంపాదించి ఆమెను బ్రతికిస్తాడు. ప్రాణం పోసినవాడు తండ్రి వంటివాడు, ఎముకలు గంగకు చేర్చినవాడు కొడుకు వంటివాడు, బూడిదను విడువక ఉన్నవాడే భర్త అంటాడు రాజు. ఈ తీర్పు విన్న పిల్లలు ఊరుకోరు. బ్రతికించినవాడికి అన్యాయం జరిగిందని వాదిస్తారు, అసలు ఆమెను ఎవరూ అడగలేదేమని నిలదీస్తారు. ఆ వాదన మొదలైతే కథ నెగ్గినట్లే. ముగ్గురు రాణుల కథ విన్న తరువాత వాదించడానికి ఎవరికీ ఏమీ మిగలదు. మిగలవలసినది మిగిలి కూడా కథ దాన్ని చూడలేదు. ఆ సంగతి తరువాత చెబుతాను.

మొత్తం కథామాల నడక దృష్ట్యా కూడా 11వ కథ లోటు తెలుస్తుంది. చివరి కథలో బేతాళుడు ఒక విచిత్రమైన చిక్కు పెడతాడు. తండ్రి కూతురిని, కొడుకు తల్లిని పెండ్లాడిన ఒక కుటుంబంలో పుట్టిన పిల్లలు ఒకరికొకరు ఏమవుతారని అడుగుతాడు. మొదటిసారి రాజుకు జవాబు తెలియదు. తెలియదు కనుక మౌనంగా నడుస్తాడు. ఆ మౌనానికి మెచ్చి బేతాళుడు భిక్షువు కుట్రను బయటపెట్టి రాజు ప్రాణం కాపాడతాడు. అన్ని జవాబులు తెలిసిన రాజుకు తెలియనితనాన్ని ఒప్పుకునే ఘట్టం వరకు దారి చూపడమే ఈ కథల పని. ఆ దారిలో 11వ కథ ఒక మెట్టు కాదు. రాజు ఎక్కడ ఉన్నాడో అక్కడే ఉంటాడు.

కథ పక్షాన రెండు మాటలు

న్యాయంగా చెప్పాలంటే ఈ కథకు సొంత అందం లేకపోలేదు. మూడు సంఘటనలూ ఒక చక్కని వరుసలో ఉన్నాయి. పువ్వుకు బరువు ఉన్నది, తక్కువే అయినా ఉన్నది. వెన్నెలకు బరువు లేదు, స్పర్శ ఉన్నది. చప్పుడుకు స్పర్శ కూడా లేదు. స్థూలం నుంచి సూక్ష్మానికి సాగే ఈ వరుస అతిశయోక్తి అలంకారానికి మంచి పాఠం. పడక మీద పిల్లలకు చెబితే నవ్వుతారు, తమ సొంత రాణులను కల్పిస్తారు. కల వచ్చి కందిపోయిన నాలుగవ రాణి ఒకతె పుట్టవచ్చు. ఆ ఆటకు ఈ కథ బాగా పనికివస్తుంది.

విశ్రాంతి అన్న వాదన కూడా ఉన్నది. దీనికి ముందున్న 10వ కథలో మదనసేన ఇచ్చిన మాట కోసం పెండ్లి రాత్రే బయలుదేరుతుంది. భర్త, దొంగ, ఆమెను కోరినవాడు ముగ్గురూ ఆమెను విడిచిపెడతారు, వారిలో ఎవరు త్యాగి అన్నది ప్రశ్న. అంత బిగువైన కథ తరువాత ఒక తేలిక కథ ఊపిరి తీసుకోవడానికి అవసరమే అనవచ్చు. ఒప్పుకుంటాను. సంగీత కచేరీలో పెద్ద కీర్తన తరువాత తుక్కడా పాడతారు. కాని మంచి గాయకుడు తుక్కడాలో కూడా శ్రుతి తప్పడు. విశ్రాంతి కథలో కూడా బేతాళుని ప్రశ్నకు పదును ఉండాలి.

కథ చూడని మనిషి

ఇప్పుడు వెనుక ఆపిన సంగతికి వస్తాను. ఈ కథలో అసలైన బేతాళ ప్రశ్న ఒకటి దాగి ఉన్నది. బేతాళుడు దాన్ని అడగలేదు.

రాత్రి వేళ ఎక్కడో ఒక ఇంట రోకటి చప్పుడు వినిపించింది. అంటే ఆ వేళ ఎవరో మెలకువగా ఉండి వడ్లు దంచుతున్నారు. ఊరంతా నిద్రపోయినా ఆ చేతులు ఆగలేదు. ఆ చప్పుడు విన్న రాణి చేతులు కమిలితే వైద్యం జరిగింది, చందనం పూశారు. దంచుతున్నవారి చేతులు ఎలా ఉన్నాయి? రోకలి పట్టి కాయలు కాసిన ఆ అరచేతుల గురించి కథలో ఒక్క ముక్క లేదు. ఆ మనిషికి పేరు లేదు, ముఖం లేదు. కథకు కావలసినది చప్పుడు మాత్రమే.

ముగ్గురు రాణులలో ఎవరు సుకుమారి అన్నది వేడుక. నొప్పి ఎవరిది, చందనం ఎవరికి అన్నది ధర్మం. ఒకే చప్పుడుకు రెండు జతల చేతులు ఉన్నాయి: చేసినవి, విన్నవి. రాజు ఏ చేతుల పక్షాన నిలవాలి? ఈ ప్రశ్న అడిగి ఉంటే రాజుకు జవాబు అంత తేలిక అయ్యేది కాదు. తాను కూడా అంతఃపురాలున్న రాజే కదా. చెబితే తన మేడలను తానే నిందించుకోవాలి, చెప్పకపోతే తల పగలాలి. అప్పుడు చట్రం బరువంతా కథ మీద వాలేది. పదార్థమంతా చేతిలో ఉండి కథకుడు తేలిక ప్రశ్నతో సరిపెట్టాడు. ఈ కథపై నా ప్రధానమైన ఫిర్యాదు ఇదే.

ఈ ప్రశ్న మనకు దూరపుది కాదు. గల్ఫ్ దేశాలలో కట్టడాల పనికి వచ్చిన తెలుగువారిలో కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాలవారు ఎందరో ఉన్నారు. ఇళ్ళలో పనికి గోదావరి జిల్లాల నుంచి, కడప ప్రాంతం నుంచి వచ్చిన స్త్రీలు ఉన్నారు. బహ్రెయిన్‌లో వేసవి నడిమి నెలలలో మధ్యాహ్నం 12 నుంచి 4 గంటల వరకు ఆరుబయట పని చేయించరాదన్న నియమం ఉన్నది. ఆ ఎండకు పని ఆపించవలసినంత తీవ్రత ఉన్నదని ప్రభుత్వమే గుర్తించింది. చల్లని గదిలో కూర్చుని కిటికీ అవతల యంత్రాల చప్పుడు విసుగనిపించినప్పుడు మనమూ మృగాంకవతి స్థానంలోనే ఉన్నాము. ఆ చప్పుడు వెనుక ఒక మనిషి ఉన్నాడని, అతడు మన భాష మాట్లాడేవాడే కావచ్చునని పిల్లలకు గుర్తుచేయడానికి ఈ పాత కథ ఎంతో పనికివచ్చేది. ఇప్పటికీ పనికివస్తుంది. కథకుడు అడగని ప్రశ్నను మనం అడగాలి, అంతే.

పిల్లలతో చదివేటప్పుడు

చందమామ అచ్చు 2010ల తొలి ఏండ్లలో ఆగిపోయింది. ఇప్పుడు నెలనెలా కొత్త బేతాళ కథ ఇంటికి రాదు. పాత సంచికలు, సంకలనాలు, పెద్దల నోట మిగిలిన కథలు మన వద్ద ఉన్నాయి. పిల్లలు మరొక వైపు జపాను మాంగాలు, ఆంగ్ల బొమ్మల కథలు చదువుతున్నారు. వాటిలో ఏ భాగం బాగున్నది, ఏది సాగదీశారు అని తమలో తాము గట్టిగా వాదించుకుంటారు. తెలుగు కథ వద్దకు వచ్చేసరికి మాత్రం వారికి ఆ స్వేచ్ఛ ఉండదు. బాగుందని తల ఊపాలి, నీతి వల్లించాలి, పద్యం అప్పజెప్పాలి. ఇష్టపడని హక్కు లేనిచోట ఇష్టం కూడా నిలవదు. ‘ఈ కథ నాకు నచ్చలేదు’ అని పిల్లవాడు తెలుగులో కారణం చెప్పగలిగాడంటే, అది వంద నీతులు వల్లించడంకంటే పెద్ద విజయం. విమర్శకు కావలసిన మాటలు, ‘ఎందుకంటే’, ‘అయినా’, ‘అలాగైతే’ అన్నవి, వాదనలో తప్ప మరెక్కడా పదునెక్కవు.

అందుచేత సెలవు దినాన ఇంట్లో బేతాళ కథ చదివేటప్పుడు రాజు జవాబు వచ్చేచోట ఒక్క క్షణం ఆగండి. మొదట పిల్లలు తీర్పు చెప్పాలి. తరువాత రాజు జవాబు చదివి, ఒప్పుకుంటారా, ఒప్పుకోరా అని అడగండి. చివరగా ఇంకొక మాట అడగండి: ఈ కథలో ఎవరి మాట మనకు వినబడలేదు? 2వ కథలో అది మందారవతి మాట. 11వ కథలో అది రోకలి పట్టినవారి మాట. బలమైన కథ అయితే మొదటి రెండు ప్రశ్నలకే ఇల్లు దద్దరిల్లుతుంది. బలహీనమైన కథ అయితే మూడవ ప్రశ్న దాన్ని నిలబెడుతుంది.

ముగ్గురు రాణుల కథను సంకలనం నుంచి తీసివేయమని నేను అనను. మంచి మాలలో వాడిన పువ్వు ఉండటం మాలకు అవమానం కాదు, అది నిజమైన పూలతో కట్టినదని రుజువు. 8వ కథ పక్కన 11వ కథను ఉంచి చదవండి. ఒకే అచ్చులో ఒకటి ఎలా పలికింది, ఒకటి ఎలా బోలుగా మోగింది అన్నది పిల్లలే పట్టుకుంటారు. బేతాళుడు రాజుకు ఇన్ని కథలు చెప్పినది జవాబులు నేర్పడానికి కాదు, తీర్పు చెప్పే ధైర్యం నేర్పడానికి. ఆ ధైర్యాన్ని మనం ఆయన కథలపైనే మొదట ప్రయోగిస్తే ఆయన కోపగించుకోడు. కోపగించినా చేసేదేముంది, మళ్ళీ చెట్టెక్కుతాడు. మనం మళ్ళీ వెళ్ళి దింపుకువద్దాం.